గుడ్ల నోటుబుక్కు

మా మేడం పోయారని ఫోను వచ్చినప్పుడు ల్యాబులో రెండు డజన్ల గుడ్లు స్పిరిట్‌లో మునిగి ఉన్నాయి. ఫోను చేసింది ఆవిడ తమ్ముడు. "అక్క పొద్దున్నే పోయిందమ్మా, నిద్దర్లోనే. పనిలో ఉంటే ముగించుకోనే రా. అక్క ఉండింటే అదే చెప్పుండేది" అన్నాడాయన. నిజమే. గుడ్లు స్పిరిట్‌లో పెట్టాక అరగంట దాకా తీయకూడదన్నది ఆవిడ నేర్పిన నియమమే. ఆ అరగంటా గోడగడియారం కింద నిలబడి ఏడ్చాను. తర్వాత గుడ్లు పగలగొట్టి, వడకట్టి, సీసాల్లో పోసి, చేసిందంతా రాసి, సంతకం పెట్టి, అప్పుడు, రిటైరయ్యాక ఆవిడ తమ్ముడితో ఉంటున్న మాధవరానికి బస్సెక్కాను. దారంతా ఒకటే గుబులు. తేదీ సరిగ్గా వేశానా లేదా అని.

గుడ్ల సంగతి చెప్పకపోతే ఆవిడ సంగతి మీకు అర్థం కాదు. మాది క్షయరోగం మీద పరిశోధన చేసే ల్యాబు. రోగి కళ్ళెలో క్రిములు బతికి ఉన్నాయా లేదా తెలియాలంటే వాటికి తిండి పెట్టి పెంచి చూడాలి. ఆ తిండిని మేం కోడిగుడ్లతో చేస్తాం. పచ్చరంగు మందు కలిపి చిన్న సీసాల్లో ఏటవాలుగా గడ్డకట్టిస్తాం. కళ్ళె అందులో వేసి, ఒంటివేడికి సమానంగా ఉండే పెట్టెలో ఎనిమిది వారాలు ఉంచుతాం. క్రిములు బతికి ఉంటే బొంబాయి రవ్వ చల్లినట్టు పైకి కనిపిస్తాయి. ఏమీ పెరగకపోతే రోగికి నయమైనట్టు. అంటే ఎదురుచూడటమే మా ఉద్యోగం. నాలాంటి పిరికిదానికి అది ఎలాంటి ఉద్యోగమో ఊహించుకోండి.

మేడంది జార్జి టౌన్‌లో ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో ఉల్లిపాయ కూడా కొన్ని రోజులే తినేవారు. ఆవిడ జన్మలో గుడ్డు రుచి చూడలేదు, కానీ గుడ్డును కిటికీ వెలుగుకు పట్టి చూసి, అది వారం కిందటిదో నిన్నటిదో చెప్పగలిగేవారు. చేతిసంచీలో కుంకుమ భరిణె, బస్సు పాసు, వాటి పక్కనే మూత బిగించిన ఖాళీ సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎవరైనా రెండు వారాలకు మించి దగ్గుతున్నారని తెలిస్తే చాలు, పెళ్ళిపందిరి అయినా సరే, ఆ సీసా బయటికి వచ్చేది. బంధువులు ఆవిడను చూసి దగ్గు మింగేసేవారని తమ్ముడు నవ్వుతూ చెప్పేవాడు.

గుడ్లకు ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టారు. ఏ రోజు, ఎవరి దగ్గర, ఏ ఊరి గుడ్లు కొన్నామో అందులో రాయాలి. మిగతా వాళ్ళందరికీ అదొక తమాషా. నేను చేరిన మొదటి వారమే పైవరుసలో ఉన్న ఊరిపేరు కింద రెండు గీతలు పెట్టాను.

"ఇదేంది పాపా?"

"పైన ఉన్నదే మేడం. డిట్టో."

"డిట్టో వెయ్యబాకు. నిన్న వేరే, ఈ పొద్దు వేరే. పూర్తిగా రాయి. చెయ్యి నొస్తే నొయ్యనీ."

తర్వాత ఏడాదికి ఆవిడ రెండు కళ్ళకీ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ జరిగింది. నాలుగు నెలలు సెలవు. గుడ్ల పని నాకు అప్పగించారు. అంతవరకూ మాధవరంలో పెరట్లో కోళ్ళు పెంచే ఒక ముసలావిడ దగ్గరే కొనేవాళ్ళం. ఆమె కూతురి కాన్పుకు ఊరు వెళ్ళింది. నేను జార్జి టౌన్‌కు వెళ్ళి టోకు దుకాణంలో ఫారం గుడ్లు తెచ్చాను. పెద్దవి, తెల్లవి, మచ్చలేనివి. ఎంత మంచి పని చేశానో అనుకున్నాను. నోటుబుక్కులో మాత్రం, చూసేవాళ్ళు లేరు గదా అని, మాధవరం అన్న మాట కింద వరసగా రెండేసి గీతలు పెట్టుకుంటూ పోయాను.

ఆ నెలల్లో మా ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. సీసా తర్వాత సీసా ఖాళీ. కొత్త మందుల వరస పనిచేస్తోందని ల్యాబు పెద్దాయన పొంగిపోయారు. మాతో కలిసి పనిచేస్తున్న వేరే ఊళ్ళ ల్యాబులకు అంకెలన్నీ ఫ్లాపీల్లో పంపించాం. మా రిపోర్టులను నమ్మి తొమ్మిదిమందికి మందులు ఆపేశారు. వాళ్ళలో రాయపురం చేపలమ్మ ఒకతె. నెల్లూరు వైపు నుంచి ఆమె తాతల కాలంలో వచ్చిన కుటుంబం. నయమైందని చెప్పిన రోజు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది.

మేడం నల్లద్దాలతో తిరిగి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే పెట్టె తెరిచి కంట్రోల్ సీసా తీశారు. ప్రతి విడతలోనూ ఒక సీసాలో రోగిది కాకుండా, మేం పెంచుకునే క్రిమినే వేస్తాం. అది పెరిగితే తిండి మంచిదని నమ్మకం. దాని ఎదురుగా నేను 'పెరిగింది' అని రాసి ఉంచాను. ఆవిడ సీసాను కళ్ళకు మరీ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"పెరిగేదానికి పెరిగినాది. ఇంతేనా పెరిగేది? గుడ్లు యాడివి?"

నేను నోటుబుక్కు తెరిచి చదివాను. "మాధవరమే మేడం."

చదువుతూ ఉండగానే జార్జి టౌన్ గుర్తొచ్చింది. నోటుబుక్కు మూసేశాను. నా ఫెలోషిప్ పొడిగింపు కాగితం ఆ నెలలోనే రావాలి. నాలుగు రోజులు ఆవిడ పెట్టె వేడి కొలిచారు, నీళ్ళు మార్చారు, సీసాలు కడిగే సబ్బు మార్చారు. ఆ నల్లద్దాల కింద కళ్ళు నీరు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ వెతికారు. నేను పక్కనే ఉండి సబ్బు అందించాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అయిదో రోజు చేపలమ్మ వచ్చింది. చంకలో మనవరాలు. ఊరికే చూసిపోదామని వచ్చానంది. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు దగ్గింది. ఆ పిల్ల మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆమె వెళ్ళాక మేడం గదిలోకి పోయి మొత్తం చెప్పేశాను.

ఆవిడ అద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఎన్ని దినాలు దాచినావు?"

"మీరు సెలవులో వెళ్ళినప్పటినుంచీ ఆ గుడ్లే మేడం."

"అది కాదు పాపా నేనడిగేది. నేనడిగినాక, నీకు తెలిసినాక, ఎన్ని దినాలు?"

"నాలుగు."

"సరి. ఆ నాలుగు దినాలూ కూడా నోటుబుక్కులో రాయి."

తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఎదురుగా కూర్చుని రాయించారు. తప్పు గీతలను కొట్టేయడానికి కూడా ఒక పద్ధతి ఉండేది ఆవిడకు. అడ్డంగా ఒకే గీత గీయాలి, కింద ఉన్నది కనబడుతూనే ఉండాలి, పక్కన సంతకం పెట్టాలి. నేను గీసిన గీతలన్నీ వంకర్లు పోయాయి. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది.

మర్నాడు ఇద్దరం జార్జి టౌన్ వెళ్ళాం. తోపుడుబళ్ళ మధ్య ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాను. కోళ్ళకు తెగుళ్ళు రాకుండా ఫారంలో మేతలోనే మందు కలుపుతారని దుకాణం ఆయన గొప్పగా చెప్పాడు. ఆ మందే గుడ్డులోకి, గుడ్డులోంచి మా సీసాల్లోకి వచ్చి ఉండాలి. క్రిములు పెరగకపోయింది రోగి మింగిన మందు వల్లో, కోడి మింగిన మందు వల్లో మాకు తెలియదు. పద్ధతి ఎంత గొప్పదైనా, అడుగున గుడ్డు అబద్ధం చెబితే ఏం చేస్తాం?

పెద్దాయన ఆ విడతలు గుట్టుగా తీసేద్దామన్నారు. మిగతా అంకెలు చాలునన్నారు. మేడం ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. "తీసేసి పంపితే ఆళ్ళకు మన మంచి దినాలే తెలుస్తాయి సార్. ఆడ కూడా గుడ్లే గదా కొంటా ఉండారు?" అన్నారు. మా అంకెలు అందుకున్న ప్రతి ల్యాబుకూ ముందు ఫ్యాక్స్, వెనకాలే గుడ్ల నోటుబుక్కు జిరాక్సు కాపీలు వెళ్ళాయి. నా వంకర గీతలు, నా నాలుగు రోజులు, అన్నీ. ఉత్తరం నా చేతే రాయించారు. పోస్టు డబ్బాలో వేసేటప్పుడు నా బతుకు అందులో పడిపోతున్నట్టే అనిపించింది.

తొమ్మిదిమంది కోసం బస్సుల్లో తిరిగాం. ఎనిమిదిమంది దొరికారు. ఒకాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆయన పేరు మేడం బల్ల అద్దం కింద చాలాకాలం ఉంది. మాధవరం గుడ్లతో మళ్ళీ సీసాలు పెట్టాం. మళ్ళీ ఎనిమిది వారాలు. నాకు అన్నం సయించేది కాదు. నాలుగో వారంలో చేపలమ్మ సీసాలో రవ్వ కనిపించింది. ఆ సాయంత్రమే మేడం రాయపురం వెళ్ళి ఆమెను మళ్ళీ మందుల్లో పెట్టించారు, మనవరాలిని పరీక్ష చేయించారు. పిల్లకు ఏమీ లేదని తేలేదాకా నేను దేవుడికి మొక్కని మొక్కు లేదు.

మా ఉత్తరాలకు జవాబులు మెల్లగా వచ్చాయి. రెండు ల్యాబులవాళ్ళు తమకూ కొన్ని నెలలు ఇలాగే పెరగలేదనీ, తమ చేతిపనే బాగాలేదనుకుని ఊరుకున్నామనీ రాశారు. అప్పటినుంచి అందరం కంట్రోల్ సీసాలో ఎంత పెరిగిందో లెక్కపెట్టాకే మిగతావి చదవడం మొదలుపెట్టాం. నా పొడిగింపు కాగితం రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. దానికోసం ఆవిడ ఎవరితో ఏం మాట్లాడారో నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఫోను వచ్చిన రోజు నేను వెళ్ళేసరికి మాధవరం ఇంట్లో మేడంను హాల్లో పడుకోబెట్టారు. మొహం మీద అద్దాలు లేవు. కాళ్ళకు దణ్ణం పెట్టి బయటికి వస్తే, గడప పక్కన గోడకు ఆనుకుని చేపలమ్మ కూర్చుని ఉంది. రెండు బస్సులు మారి వచ్చిందట. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవబోతూ దగ్గింది.

"ఎన్ని దినాలుగా?" అన్నాను.

"నీకూ ఆయమ్మ బుద్ధే వచ్చినాది" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఏం లేదు పాపా, సాంబ్రాణి పొగ."

పొగే కావచ్చు. నేను సంచీలోంచి సీసా తీశాను. ఆమె ఇంకేమీ అనకుండా అందుకుని, పెరట్లో ఎండలోకి పోయి, మాకు వీపు తిప్పి నిలబడి గట్టిగా దగ్గింది. సీసా మీద ఆమె పేరు, ఊరు, తేదీ పూర్తిగా రాశాను.

ఇవాళ్టికి మూడో వారం. కంట్రోల్ సీసాలో పచ్చటి తిండి మీద రవ్వ చల్లినట్టు బాగా పెరిగింది. లెక్కపెట్టాను. దాని పక్కన చేపలమ్మ సీసా పచ్చగా, నున్నగా ఉంది. ఇంకా అయిదు వారాలు చూడాలి.