పిచ్చికుసుమ గింజలు

ఈ ఉదయం గుడికి వెళ్తుంటే గోడవారన పిచ్చికుసుమ పూసి కనిపించింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా? ఒళ్లంతా ముళ్లు, పసుపుపచ్చని పూలు, కాయ విప్పితే అచ్చం ఆవాల్లాంటి నల్లటి గింజలు.

ఎనిమిదేళ్లప్పుడు, బోధన్ దగ్గర మా చెరుకు చేను గట్టున ఆ గింజలు దోసెడు ఏరి, ఆవాలే అనుకుని అమ్మ పోపుల డబ్బాలో కలిపాను. మరునాడు ఆ పోపు పెట్టిన పప్పన్నమంతా బాపు ఒక్కడే తిని చేనుకు పోయాక, పక్కింటి అక్క అమ్మతో అంటోంది: "గట్ల మీది ఆవాలసొంటి పిచ్చికుసుమ గింజలు కలిసిన నూనె పక్కూరోళ్లు తిన్నరట, కాళ్లు గుమ్మడికాయలైనయట! ఏలితోని ఒత్తితే గుంట పడి గట్లనే ఉంటదంట."

అమ్మ చూడకుండా డబ్బాలోని ఆవాలన్నీ పెంటకుప్ప మీద పారబోశాను. ఆ రోజు నుంచి హనుమంతుడికి మొక్కుకుని, సాయంత్రం బాపు కాళ్లు ఒత్తేదాన్ని. బొటనవేలితో గట్టిగా నొక్కి, గుంట నిండేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

"నా బిడ్డకు నా మీద ఎంత పావురమో సూడు!" అని నా ప్రేమకు బాపు మురిసిపోయేవాడు.

"గిన్నెలు తోముమంటే మాత్రం రాదు" అనేది అమ్మ.

గుంట ఎన్నడూ నిలవలేదు. కానీ బాపు బతికినన్నాళ్లూ నా సేవ గురించి ఊరందరికీ చెప్పుకున్నాడు. ఎందుకు ఒత్తానో ఆయనకు చెప్పే ధైర్యం నాకు రానేలేదు.