పిట్ట కాలి కడియం

పక్షుల సారు మా ప్రార్థన మందిరం వరండాలో దిగి వారం కావస్తోంది. బూర్గంపాడుకు ఇవతల, అడవి అంచున ఉన్న ఆ గూడెంలో నేను అప్పటికి కొన్నేళ్లుగా వాక్యం చెబుతున్నాను. వానలు వెనకపట్టి, తెల్లవారితే పొగమంచు కమ్మే రోజులు. చలి దేశాల నుంచి వలస వచ్చే చిన్న పిట్టలను పట్టి, కాలికి నంబరు కొట్టిన రింగు తొడిగి వదిలేయడం ఆయన పని. ఆ పిట్ట మరెక్కడైనా దొరికితే ఎంత దూరం పోయిందో ఆ నంబరును బట్టి తెలుస్తుందట. పట్టిన పిట్టను వదిలేసే మగవాణ్ని గూడెం ఆడవాళ్లు ఎన్నడూ చూడలేదు. ఇతని పెళ్లాం ఏం తిని బతుకుతుందో పాపం అని ఒక అవ్వ నా దగ్గర జాలిపడింది.

పిట్టలను ఉంచే గుడ్డ సంచులు కుట్టిచ్చింది నేనే. అవి ఇవ్వడానికి ఆ రోజు వాగు ఒడ్డుకు వెళ్లి అక్కడే కూర్చుండిపోయాను. రెండు వెదురు గడల మధ్య వెంట్రుకంత సన్నని దారపు వల. దగ్గరికి వెళ్తే తప్ప కనపడదు. మధ్యాహ్నం దాకా అందులో పడింది ఒక పిగిలిపిట్ట. అది మా ఊరిదే, ఎక్కడికీ పోదు. తర్వాత ఒక ఎండుటాకు పడింది. సారు ఆకును కూడా అంతే నెమ్మదిగా విడిపించాడు.

ఎండ వాలాక తోక ఊపుతూ తిరిగే పసుపు పిట్ట ఒకటి పడింది. దాని మెడను రెండు వేళ్ల మధ్య ఇరికించి, పొట్టను అరచేతిలో ఆనించి, సన్నని పట్టకారుతో రింగు బిగిస్తున్నాడు. అప్పుడే మా సంఘంలోని ఒక తల్లి పిల్లను చంకనేసుకుని చేను నుంచి వస్తూ ఆగింది. వంగి చూసి, మామూలుగా అనేసింది.

"గిసొంటి కడియం మా పిల్లకు గూడ ఉంది గద."

అంటూనే పిల్ల గౌను కాస్త ఎత్తి, నా వైపు చూసి కిందికి లాగేసింది. నేను దాన్ని మళ్లీ పైకెత్తాను. మొలతాడుకు నిజంగానే చిన్న తెల్లని రింగు ఉంది.

కిందటి ఎండాకాలం ఇదే వాగులో ఆమె బాప్తిస్మం తీసుకుంది. నీళ్లలో దిగే ముందు ఆమె మెడలోని తాయెత్తు తాడును కోసింది నేనే. మా సంఘంలో తాయెత్తు తీయనిదే బాప్తిస్మం లేదు. ఆ రోజు పిల్లను అత్త దగ్గర ఎందుకు వదిలి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. నా సంచిలోంచి కత్తెర తీశాను.

సారు ముందు చేతిలోని పిట్టను వదిలాడు. తర్వాత తల్లి చంకలోని పిల్ల నడుం దగ్గరికి వంగి, భూతద్దం పెట్టి రింగును తిప్పి చూశాడు. దాని మీది నంబరును పుస్తకంలో రాసుకున్నాడు. హిమాలయాలకు అవతల, ఇంకా చాలా పైన ఉన్న మంచు దేశంలో తొడిగిన రింగట అది. ఆ రింగున్న పిట్ట ఏమైందని అడిగాడు. పోయినేడు చలికాలంలో పెనిమిటి పెట్టిన జిగురు పుల్లకు పడిందని, కూర చిటికెడే అయిందని ఆమె చెప్పింది.

నేను కత్తెర తెరిచాను. ఆమె పిల్లను వెనక్కి తిప్పుకుంది.

"నువ్వే చెప్తివి గద అక్కా, దేవుడు పిట్టలను గూడ లెక్కవెట్టుకుంటడని. దీని మీద లెక్క రాసి ఉండె. ఆయనే ఏసిండనుకున్న. ఇద్దరు పిల్లలను మట్టిల పెట్టినదాన్ని. ఈ పిల్లనన్న లెక్కల పెట్టుకుంటడని కట్టిన."

ఆ మాట నేను మందిరంలో చెప్పిందే. చేతులెత్తి, గొంతు పెంచి మరీ చెప్పాను. అది పోయి పిల్ల మొలతాడుకు చేరుతుందని నా ఊహకు అందలేదు. తాయెత్తు అనుకుని కోయబోయింది నా ప్రసంగాన్నే.

"ఇవి మనుషులే ఏస్తరని ఇప్పుడు చూసిన. మరి నా పిల్ల ఆయన లెక్కల ఉన్నట్టు ఎట్ల తెలుస్తది?"

బైబిలు పాఠశాలలో కంఠతా పట్టినవన్నీ నోటి దాకా వచ్చి ఆగాయి. నంబరు లేకుండానే ఆయనకు తెలుసు అని మాత్రం అనగలిగాను. నేను నమ్మిందే అన్నాను.

సారు లేచి, రింగు ఇవ్వనక్కర్లేదు, నంబరు రాసుకున్నాను చాలు అన్నాడు. ఆ దేశం వాళ్లకు కబురు పంపుతానని, వదిలిన పిట్ట ఉందో పోయిందో అని వాళ్లు చూస్తుంటారని చెప్పాడు.

నేను కత్తెర ఇంకా పట్టుకునే ఉన్నాను. ఆమె దాని వైపు చూడలేదు. పిల్లను గడ్డి మీద నిలబెట్టి, వంగి, మొలతాడు ముడిని పళ్లతో వదులు చేసింది. బిగిసిన ముడి రావడానికి సమయం పట్టింది. మధ్యలో పిల్ల ఏడ్చింది. రింగు ఊడదీసి సారు చేతిలో పెట్టింది.

"తినేటప్పుడు ఎరగం సారూ, దానికోసం ఎదురుచూసేటోళ్లున్నరని."

తాడును వాగులో పడేసింది. పిల్ల నడుం చుట్టూ తాడు ఉన్న చోట చర్మం తెల్లగా గీతలా ఉంది.

"ఇగ చెయ్యి పెట్టక్కా," అంది.

పెట్టాను. ఆ నడుం నా అరచేతిలో ఇమిడిపోయింది. ఆమె కళ్లు మూసుకుని నా ప్రార్థన కోసం ఎదురుచూస్తోంది. రెండో చేతిలోని కత్తెరను గడ్డి మీద పెట్టాను.