ఇనప పళ్ళ పెడళ్ళు

నాన్నగారి అరికాళ్ళ పుండ్లను నేను చూసినంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు. రోజూ సాయంత్రం వేడినీళ్ళతో కడిగి, పసుపూ నూనే రాసేదాన్ని నేనే. అవన్నీ సైకిలు తెచ్చిన తంటా అని ఊళ్ళో అందరూ సైకిలును ఆడిపోసుకునేవారు. పాపం, సైకిలు ఏ పాపమూ ఎరగదు.

నాన్నగారు వైద్యులు. కొవ్వూరుకు ఎగువన, పట్టిసీమ దాకా గోదావరి ఒడ్డు పల్లెల్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఆయనకే కబురు వచ్చేది. పోనూ రానూ నడకే. ధవళేశ్వరం కాలవల కచేరీలో గుమాస్తా ఒకాయన, ఎన్నేళ్ళుగానో పీడిస్తున్న దగ్గు నాన్నగారి మందుతో తగ్గిందన్న సంతోషంలో, తనకు తొక్కడం చేతకాక మూలన పడేసిన సైకిలును ఆయనకు ఇచ్చేశాడు. అప్పటికి మా వైపు పల్లెల్లో సైకిలును చూసినవాళ్ళే తక్కువ. దాని పెడళ్ళు రెండూ విరిగిపోయి ఉన్నాయి.

ఇంట్లో మేం ముగ్గురమే. నాన్నగారు, ఆయన తల్లి అయిన మా మామ్మ, నేను. అమ్మ నా పసితనంలోనే పోయింది. ఇంటి పెత్తనం మామ్మది, మామ్మ మీద పెత్తనం ఆవిడ మడిది. తోలు అన్నది మా గడప తొక్కడానికి వీల్లేదు. అందుకని నాన్నగారు ఇంట్లో కర్ర పాంకోళ్ళు, వీధిలో ఉత్త కాళ్ళు. సైకిలుకున్న తోలు సీటు కూడా ఊడదీయించి చెక్క బిగించారు. పెడళ్ళు కొత్తవి వేయించాలని రాజమండ్రి వెళితే, కొట్లో రెండు రకాలు చూపించారట. ఒకటి పూర్తిగా ఇనుము. బూట్లు జారిపోకుండా అంచుల నిండా పళ్ళు. రెండోదానికి కాలు ఆనేచోట నల్లటి రబ్బరు దిమ్మలు. ఏది కావాలో చూసుకోండని కొట్టాయన రెండు జతలూ ఇచ్చి పంపాడు.

నాన్నగారు వాటిని అరుగు మీద పెట్టారు. మామ్మ మడిచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దూరంగా నిలబడి, రబ్బరు మీద చెంబుతో నీళ్ళు పోయించింది. తడిస్తే తోలు వాసన దాగదని ఆవిడ నమ్మకం. ముందుకు వంగి వాసన చూసి ముక్కు మూసుకుంది.

"తోలేరా ఇది."

"కాదమ్మా. ఏదో చెట్టు పాలు గడ్డకట్టిస్తారుట."

"పాలైతే ఆ కంపేంటి? అమ్ముకునేవాడు సవాలక్ష చెప్తాడు."

చక్రాలకు ఉన్నదీ రబ్బరే కదా అని నేను అడిగాను. అది నేల మీద తిరుగుతుంది, నేలకి అంటు ఏమిటే అంది మామ్మ. ఆవిడ శాస్త్రంలో దేనికైనా దారి ఉండేది, నాన్నగారి కాళ్ళకు తప్ప.

ఆ సాయంత్రం నాన్నగారు నన్ను పెరట్లోకి పిలిచారు. రబ్బరు దిమ్మ అడుగున గోరంత ముక్క చెక్కి నిప్పు మీద వేశారు. తోలు కాలితే వెంట్రుక కాలిన కంపు రావాలి. ఇది నల్లగా పొగలు కక్కింది, జిగురులా సాగింది, అంతే. రోజూ జిల్లేడు పాలతో మందులు నూరే మనిషి, పాలేదో తోలేదో ఆయనకు ఒకరు చెప్పాలా?

"మామ్మకి చెప్పి రమ్మంటారా నాన్నగారూ?"

"వద్దమ్మా. మీ తాతగారు పోయాక అమ్మకి మిగిలింది ఆ మడి ఒక్కటే. అందులో కూడా తప్పు చూపించి మనమేం బావుకుంటాం? నువ్వూ ఎప్పుడూ అనకు."

మర్నాడు రబ్బరు జత కొట్టుకు తిరిగి వెళ్ళింది. ఇనప పళ్ళు సైకిలెక్కాయి.

బూట్ల కోసం చేసిన పళ్ళవి. నాలుగు ఊళ్ళు తిరిగి వచ్చేసరికి అరికాళ్ళలో నెత్తురు చిమ్మేది. పెడళ్ళకు గుడ్డలు చుట్టి చూశాం. రెండు రోజుల్లో పీలికలై గొలుసులో చిక్కుకునేవి. కొబ్బరితాడు చుడితే వానకు తడిసి జారిపోయింది. పాంకోళ్ళతో తొక్కబోయి ఒకసారి కాలవలోనే పడ్డారు. మళ్ళీ నడకే నయం కదా అంటే, నడిచి ఒక ఊరు చూసే పొద్దులో సైకిలు మీద నాలుగు చూస్తున్నాను, ఇంకొన్నాళ్ళు పోతే కాళ్ళు కాయకాస్తాయిలే అనేవారు నాన్నగారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకళ్ళ మనసు నొవ్వకూడదని ఒకళ్ళ కాళ్ళు ఇలా చీరుకుపోవాలా?

భాద్రపదం ముసురులో ఒక పురిటి జ్వరానికి కబురొస్తే వెళ్ళారు. గట్టంతా పశువుల పేడా బురదా. సైకిలు దిగి నడిపించుకుంటూ, ఆ పచ్చి పుండ్లతోనే నడిచారు. ఆ అమ్మాయి బతికింది. కొన్నాళ్ళకు ఒక పొద్దున్న నేను గంజి ఇస్తే, నాన్నగారికి నోరు తెరుచుకోలేదు. దవడ పట్టుకుని చూసుకుని, తలెత్తి నా వంక చూశారు. కొడవలి దెబ్బ తగిలిన రైతులు ఎందరిలోనో ఆయన చూసిన ధనుర్వాతమే అది. దానికి తన దగ్గర మందు లేదనీ ఆయనకు తెలుసు. చివరికి మామ్మ పోసిన తులసితీర్థం కూడా లోపలికి పోలేదు, పెదవి పక్కనుంచి కారిపోయింది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ మామ్మ ఒకటే మాట చెప్పి ఏడ్చేది. "నా కొడుకు పోతే పోయాడు గానీ, తోలు మీద కాలు పెట్టి ఎరగడమ్మా." నిజం నా నాలిక చివరి దాకా వచ్చేది. నేను లేచి నూతి దగ్గరికి వెళ్ళిపోయి, అవసరం లేకపోయినా నీళ్ళు తోడేదాన్ని. ఆవిడ మీద నాకు జాలి ఉండేది, కోపం అంతకంటే ఎక్కువ ఉండేది.

తరవాత మామ్మ చాలా ఏళ్ళు బతికింది. మంచాన పడ్డాక, చూపు ఆనకపోయినా, నా చెయ్యి వెతికి పట్టుకుని అడిగింది.

"మీ నాన్న తోలు తొక్కలేదు కదే?"

"లేదు మామ్మా," అన్నాను. "ఎన్నడూ తొక్కలేదు."

ఆవిడ చెయ్యి వదిలి, గోడ వైపు తిరిగి నిద్రపోయింది.