లెమోనియా పక్కటెముకలు

మా కొండ ఊళ్ళో చనిపోయినవాళ్ళని కొన్నేళ్ళకి తవ్వి తీసి, ఎముకలని వైన్‌తో కడిగి, చర్చి పక్కనున్న ఎముకల గదిలో పెడతాం. కడిగే పని అసిమీనా పిన్నిది. ఆవిడ చేతులు గరుకు, నోరు ఇంకా గరుకు.

"సున్నం బిగువిస్తుంది, జిగురు సాగనిస్తుంది. రెండూ ఉంటేనే ఎముకవుతుందే పిల్లా" అని, వెనిగర్‌లో నానేసిన కోడి ఎముకని తాడులా వంచి చూపించేది. వెనిగర్ సున్నాన్ని తినేస్తుందట. మట్టేమో జిగురుని తింటుందట. అందుకే పాత ఎముక పుటుక్కున విరిగిపోతుంది, విరిగినచోట చూస్తే పైన గట్టిగా, లోపల రొట్టెలా గుల్లగా ఉంటుంది.

అలాంటి మనిషి సొంత కూతురి సమాధి తవ్వించడానికి మాత్రం ఏటా ఏదో ఒక సాకు చెప్పేది. ఎముకలు తేనెమైనం రంగులో వస్తే ఆత్మ శాంతించినట్టు. నల్లగా వచ్చినా, ఒళ్ళు కరక్కుండా ఉన్నా శాపం తగిలినట్టు, అందులోనూ తల్లి శాపం. పిన్ని శపించింది మరి. వానలో తడుస్తూ పుట్టింటికొచ్చిన లెమోనియాని గుమ్మంలోనే నిలబెట్టి, "మొగుణ్ణి వదిలేసి వస్తావా? నిన్ను మట్టి కూడా తినదే!" అంది. పిల్ల ఆ వానలోనే వెనక్కి వెళ్ళిపోయింది. ఆ చలికాలమే ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

చివరికి పొరుగింటి పొలిక్సేని ఎత్తిపొడిచింది. "ఊరందరివీ కడిగావు, నీ కూతురివి కడగడానికి చేతులు రావట్లేదా?"

తవ్వింది నేనే. పార శవపెట్టె చెక్కకి తగలగానే పిన్ని నా భుజం పట్టేసింది.

"ఆగవే! నల్లగా ఉందా? చెప్పు, నల్లగా ఉందా?"

"ఇంకా మట్టే పిన్నీ. గుచ్చెయ్యకు గోళ్ళు."

ఆ చెక్క కింద ఏముంటుందో చూడాలని నాకూ లేదు. చెక్క పక్కకి లాగి, కళ్ళు మూసుకునే చెయ్యి పెట్టాను. పుర్రె తేలిగ్గా పైకొచ్చింది. మైనం రంగు.

ఆడవాళ్ళంతా శిలువ గుర్తు వేసుకున్నారు. పిన్ని నేలమీద కూలబడి బావురుమంది. వెనక నిలబడ్డ అల్లుడు స్టెర్గియోస్ టోపీ తీసి, "చెప్పాను కదా అత్తయ్యా, నా భార్య దేవత" అన్నాడు.

పిన్ని ఏడుస్తూనే ఒక్కో ఎముకా కడగసాగింది. పక్కటెముకల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఏడుపూ ఆగిపోయింది.

"ఇటు పట్టుకోవే" అంది మెల్లిగా.

నా వేలికింద ద్రాక్షతీగ కణుపులాంటి బొడిపె తగిలింది. పక్క ఎముక మీద ఇంకోటి.

"ఎక్కడైనా పడిందేమో పిన్నీ" అన్నాను. ఎందుకో గొంతు తగ్గించి అన్నాను.

"విరిగినచోట ఎముక కొత్తది పోసుకుని అతుక్కుంటుంది. బతికున్నప్పుడే అతుకుతుంది. ఒక్కసారి పడితే అతుకులన్నీ ఒకేలా ఉండాలి. ఇది చూడు, అరిగి నున్నబడింది, పాతది. ఇది ఇంకా గరుకుగా ఉంది. ఇదిగో, ఇది అతుక్కోనేలేదు, కానీ పచ్చికొమ్మలా చీలి విరిగింది, అంటే పోయేముందే."

చర్చి అయ్యగారు ప్రార్థన ముగించారు. ఇక ఆచారం ప్రకారం పుర్రెని ముద్దు పెట్టుకోవాలి, ముందు మొగుడు. స్టెర్గియోస్ చేతులు చాచాడు.

పిన్ని పుర్రెని ఒళ్ళోనే అదుముకుంది. అతుక్కోని పక్కటెముకని అతనివైపు చాపింది.

"ముందు ఇది పట్టుకో అల్లుడూ. ఎక్కడ విరిగిందో చూపించు."

ఆవిడ అరవలేదు, అందుకే నాకు భయమేసింది. అతను అయ్యగారివైపు చూశాడు, మావైపు చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఏంటత్తయ్యా, నలుగురిలో..."

"పట్టుకో."

వెనక్కి అడుగేశాడు, మళ్ళీ ఇంకో అడుగు. పక్క సమాధి రాయి మడమకి తగిలి వెల్లకిలా పడ్డాడు. లేవడానికి చెయ్యి చాచాడు. మాలో ఒక్కరం కూడా అందుకోలేదు.