టైలరక్క మోకరించిన ఆదివారం

మా వీధి టైలరక్క కుట్టిన చొక్కా చిరిగితే గుడ్డ చిరగాలి గాని కుట్టు ఊడదు. ఆమె భక్తీ అలాంటిదే. మొగుడూ పిల్లలూ లేరు. చెల్లెలు పోతే దాని కూతుర్ని తెచ్చుకుని పెంచింది, తన పని నేర్పింది.

పిల్లకి ఇరవై ఏళ్ళొచ్చాక ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చింది. ప్రార్థన చేస్తానని గదిలోకి పిలిచి పాస్టరు గారు ఒంటిమీద చెయ్యి వేశారని చెప్పింది. టైలరక్క నమ్మలేదు.

"దైవజనుడి మీద నింద వేస్తావా? నోరు కడుక్కో!" అంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆదివారం సంఘమంతటి ముందు పిల్లని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆయన్ని క్షమాపణ అడిగించింది. ఆయన పిల్ల తలమీద చెయ్యి పెట్టి మరీ క్షమించాడు. ఆ వారమే పిల్ల ఇల్లు విడిచి, లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరి, దగ్గర్లోనే ఓ గది తీసుకుంది.

కొన్నేళ్ళకు ఇంకో అమ్మాయి తన తల్లితో అదే మాట చెప్పింది. ఆ తల్లి నమ్మింది, రచ్చకెక్కింది. కుండమూతికి మూకుడుంది గాని లోకం మూతికి లేదు కదా! పాస్టరు గారిని పోలీసులు తీసుకుపోయారు. సంఘ పెద్దలు ఉపవాస ప్రార్థన పెట్టారు, ఆడపిల్లల కోసం కాదు, సంఘం పరువు కోసం.

టైలరక్క తలుపు వేసుకుంది. నాకు ఊరుకోబుద్ధవుతుందా? వెళ్ళి బాదాను.

"ఏం చేస్తున్నావే లోపల?"

"ప్రభువు దగ్గర ఏడుస్తున్నా పిన్నీ."

"ఏడువు. ఆయన అన్నీ అప్పుడే చూశాడు, కొత్తగా చెప్పేదేముంది? పిల్లకి చెప్పావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహంతోనే పద. కొత్తది కుట్టుకునేదాకా ఆగుతావా?"

ఇద్దరం వెళ్ళాం. పిల్ల ఇస్త్రీ ఆపలేదు.

"తప్పు చేశానే తల్లీ" అంటూ టైలరక్క కాళ్ళ దగ్గర వంగబోయింది.

"ఇక్కడెందుకు పెద్దమ్మా? ఇక్కడెవరున్నారు చూడ్డానికి? నన్ను అందరి ముందూ కదా కూర్చోబెట్టావు."

వచ్చిన ఆదివారం సాక్ష్యాల వేళ టైలరక్క లేచింది. సాక్ష్యమంటే రోగం తగ్గిందనో పని దొరికిందనో చెప్పి, చివర స్తోత్రం అనడం మాకు అలవాటు. ఈమె సాక్ష్యంలో స్తోత్రం లేదు.

"నా బిడ్డ నిజమే చెప్పింది. నేనే దాన్ని నిందించి వంగదీశాను. మారుమనస్సు కావలసింది దానికి కాదు, నాకు" అని వట్టి నేలమీద మోకరించింది.

"ఇంటి మాటలు ఇంట్లో చూసుకోవాలమ్మా, లే!" అని ఓ పెద్దమనిషి కసిరాడు. ఇంకొకాయన మైకు ఆపేశాడు. ఆమె మైకు లేకుండానే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. కన్నీళ్ళు ఎవరైనా కారుస్తారు. తప్పు చేసిన చోటికే పోయి, చూసినవాళ్ళ ముందే తలవంచడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం పరుగున పోయి పిల్లకి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"పెద్దమ్మని ఎవరైనా ఆపబోయారా అమ్మమ్మా?"

"ఆపకేం! ఇద్దరు ముగ్గురు లేచారు."

"నన్ను కూర్చోబెట్టిన రోజు ఒక్కరూ లేవలేదు" అంది పిల్ల, చొక్కా మడతపెడుతూ. ఆ రోజు కూర్చుని చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు టైలరక్క రోజూ పని ముగించి లాండ్రీ బయట నిలబడుతుంది. పిల్ల వస్తుంది, పలకరించదు, పొమ్మని అనదు. ముందు అది, నాలుగడుగుల వెనక ఈమె. గది రాగానే పిల్ల లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. ఈమె ఆ తలుపు తట్టదు. కాసేపు నిలబడి తిరిగి వచ్చేస్తుంది.