నాలుగో మనిషి

ఆసుపత్రిలో ఆమెని అందరూ ఎక్స్‌రే మేడమ్ అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే గది. కిటికీ లేని గోడలు, సీసం రేకు తాపిన తలుపు, మూలన మీటల బల్ల, దాని ముందు మందపాటి అద్దం. వచ్చిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోటు మెల్లగా సర్ది, "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అని చెప్పి తను అద్దం వెనక్కి వెళ్ళిపోవాలి. రోజుకి నలభై, యాభై మంది. వాళ్ళ ఎముకలన్నీ ఆమెకి కనిపించేవి గానీ మొహాలు మర్నాటికి గుర్తుండేవి కావు. వాళ్ళకీ ఆమె గుర్తుండేది కాదు.

పైగా అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఫిల్ములో ఏం కనబడినా పైకి అనకూడదు. విరిగిందా అని ఎవరైనా ప్రాణాలు ఉగ్గబట్టుకుని అడిగితే "డాక్టరుగారు చెప్తారండీ" అనాలి. ఆ మాట అనీ అనీ ఎంత అలవాటైపోయిందంటే, పక్క వాటా ఆవిడ మబ్బు చూసి "వాన పడుతుందంటారా?" అని అడిగినా ఆమె నాలుక చివరికి అదే వచ్చేది.

వయసు నలభై నాలుగు. పెళ్ళి వద్దని ఆమె ఏనాడూ అనుకోలేదు, చేద్దామని కూర్చుని మాట్లాడినవాళ్ళూ లేరు. అమ్మ పోయాక మూడో అంతస్తులో రెండు గదుల వాటాలో ఒక్కతే మిగిలింది. అన్నయ్య నెలకోసారి ఫోన్ చేసి "ఎలా ఉన్నావే?" అంటాడు. "బాగానే ఉన్నా అన్నయ్యా" అంటుంది. ఆ తర్వాత ఇద్దరికీ మాట తోచదు. సెలవురోజు సాయంత్రం పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగి, కొట్టతన్ని పలకరించబోతే గొంతు పెగిలేది కాదు. పొద్దున్నుంచి తను నోరు విప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చేది.

ఆ సెలవురోజుల్ని తట్టుకోవడానికే సైకిలు కొనుక్కుంది. తెల్లారగానే కాలవ గట్టు పట్టుకుని లాకుల దాకా, మళ్ళీ వెనక్కి, ఇరవై రెండు కిలోమీటర్లు. ఆదివారాలు ఈతకొలనులో గంటసేపు.

ఒకరోజు చీలమండ బూరెలా వాచిన ఒకావిడ చక్రాల కుర్చీలో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నొప్పితో మూలుగుతూనే నవ్విస్తోంది.

"కొండలెక్కి దిగినదాన్ని, మా ఇంటి మెట్ల మీద బోర్లా పడ్డానండీ. ఎవరితోనైనా చెప్పుకోడానికి కూడా సిగ్గు."

ఫిల్ములో ఎముక పగులు స్పష్టంగా ఉంది. "డాక్టరుగారు చెప్తారండీ."

"మీ మొహమే చెప్పేసిందిలెండి" అని ఆవిడ నిట్టూర్చింది. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న హెల్మెట్ మీద ఆవిడ చూపు పడింది. "సైకిలు మీదేనా? రోజూ తొక్కుతారా? ఈత వచ్చా?"

విషయమేమిటంటే, మూడు వారాల్లో పెద్ద పోటీ ఉంది. కొండల్లో పరుగు, సైకిలు, సరస్సు మీద పడవ, తాడు పట్టుకుని కొండచరియ దిగడం, అన్నీ కలిపి రెండు రోజులు. నలుగురు ఒక జట్టు. అందులో ఒక్క ఆడమనిషైనా ఉండి తీరాలి. ఆవిడ భర్త ఫైర్‌స్టేషన్‌లో పనిచేస్తాడు, జట్టుకి అతనే కెప్టెన్. అతని తమ్ముడూ, బడిలో లెక్కలు చెప్పే మాస్టారూ మిగతా ఇద్దరు. నాలుగేళ్ళుగా ప్రయత్నిస్తున్నా ఒక్కసారీ చివరిదాకా చేరలేదు.

తన బదులు వస్తారా అని ఆవిడ అడిగింది. "నా వల్ల కాదండీ" అంది ఎక్స్‌రే మేడమ్. రెండు రోజుల తర్వాత, ఆవిడ రాసిచ్చిన నంబరుకి తనే ఫోన్ చేసి వస్తానంది. ఎందుకు చేసిందంటే, ఆమెకే సరిగ్గా తెలియదు.

మూడు ఆదివారాలు కలిసి సాధన చేశారు. జెర్సీలు ముందే కుట్టించి ఉన్నాయి. వీపుల మీద కెప్టెన్, మాస్టారు, తమ్ముడు, వదిన అని పెద్ద అక్షరాలు. కొత్తది కుట్టించే వ్యవధి లేక ఆవిడ జెర్సీనే ఈమె వేసుకుంది. భుజాల దగ్గర కాస్త బిగుతు.

పోటీ రోజున దారిపొడవునా నిలబడ్డ జనం ఆ అక్షరాలు చదివి "పద వదినా! తగ్గొద్దు వదినా!" అని అరిచారు. మొదట్లో ఆమె వెనక్కి తిరిగి చూసేది, ఎవరిని పిలుస్తున్నారా అని. పది కిలోమీటర్లు దాటాక చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.

ఆ పోటీలో ఒక నియమం ఆమెకి భలే నచ్చింది. నలుగురూ ఒకరికొకరు వంద మీటర్ల లోపే ఉండాలి, ప్రతి మజిలీలో నలుగురూ కలిసి కనబడాలి. ఒకరు ఆగితే జట్టంతా ఆగినట్టే. ఎత్తు ఎక్కేటప్పుడు ఆమె వెనకబడితే తమ్ముడు ఆగి, "అక్కా, వస్తున్నావా?" అని అడిగేవాడు. తను వస్తోందో లేదో అని ఒక మనిషి వెనక్కి తిరిగి చూసి ఎన్నేళ్ళయింది! కాళ్ళు పీక్కుపోతున్నా, ఆ ఒక్క ప్రశ్న కోసం రెండు మూడుసార్లు కావాలనే నెమ్మదించింది. తర్వాత సిగ్గుపడింది.

ఆ సాయంత్రం మజిలీలో నలుగురూ గుడారం ముందు బూట్లు విప్పి కూర్చున్నారు. కెప్టెన్ భార్యకి ఫోన్ కలిపి మధ్యలో పెట్టాడు. ముగ్గురూ ఫోన్ మీదికి వంగి మాట్లాడారు. ఎప్పటి పోటీలోనో మాస్టారి నిక్కరు ముళ్ళకంపకి చిక్కుకున్న సంగతి తలచుకుని పగలబడి నవ్వారు. ఈమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. అర్థమయ్యేలా చెప్పాలని ఎవరికీ తోచలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అలసిపోయి ఉన్నారు, అంతే. ఆమె పాదాల మీది బొబ్బలకి తనే పట్టీలు అంటించుకుంది.

రెండోరోజు పొద్దున్న సరస్సు. ఆమె, మాస్టారు ఒక పడవ. ఎదురుగాలిలో రెండు గంటలు తెడ్డు వేశారు. "మీరు లెక్క తప్పకుండా వేస్తారండీ" అన్నాడాయన. అంతకుమించిన మెప్పు ఆయన దగ్గర ఉండదని తమ్ముడు తర్వాత చెప్పాడు. ఒడ్డుకి చేరేసరికి ముప్పై జట్లలో వాళ్ళది అయిదోది. కెప్టెన్ మొహం వెలిగిపోయింది.

అక్కణ్ణించి వాగు వెంబడి నడక. తడి బండ మీద మాస్టారు జారి, కుడి అరచెయ్యి మోపి పడ్డాడు. వెంటనే లేచి "ఏం లేదు, ఏం లేదు" అన్నాడు. కానీ మ్యాపుని ఎడం చేత్తో పట్టుకోవడం ఆమె చూసింది. పక్కకి వెళ్ళి, ఆయన బొటనవేలి మొదట్లో ఉండే గుంటని వేలితో నొక్కింది. ఆయన మొహం పాలిపోయింది.

"మాస్టారూ, విరిగిందిది."

ఆయన నవ్వబోయాడు. "మీరు చెప్పకూడదు కదండీ. డాక్టరుగారు కదా చెప్పాలి?" తర్వాత గొంతు తగ్గించి, "ఇంకా తొమ్మిది కిలోమీటర్లే. కెప్టెన్‌కి చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

ఆమె చెప్పలేదు. పావుగంట నడిచింది. ఆ చిన్న ఎముక సంగతి ఆమెకి తెలుసు. దానికి రక్తం అందేదే తక్కువ, కదిలిందంటే చెయ్యి మళ్ళీ మునుపటిలా ఉండదు. నల్లబల్ల మీద లెక్కలు రాసే చెయ్యి అది. అన్నీ తెలిసే నడిచింది. ఆ ముగ్గురికంటే తనకే ఎక్కువగా ఆ పోటీ ఆగిపోకూడదని ఉందని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

కొండచరియ అంచుకి చేరారు. కిందికి డెబ్భై అడుగుల తాడు. మాస్టారు పళ్ళు బిగించి చేతికి తొడుగు వేసుకోబోతున్నాడు.

"కెప్టెన్‌గారూ, ఆయన చెయ్యి విరిగింది. తాడు పట్టుకోకూడదు."

కెప్టెన్ తిరిగి చూశాడు. "ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నానండీ."

అతను మాస్టారి మణికట్టు చూశాడు, మొహం చూశాడు. మంటల్లోంచి మనుషుల్ని మోసుకొచ్చే మనిషి బండ మీద కూలబడ్డాడు. ఈల తీసి మూడుసార్లు ఊదాడు. పోటీ నుంచి తప్పుకుంటున్నామని దాని అర్థం.

"ఇంకో గంట ఆగి చెప్తే ఏం పోయేది అక్కా?" అన్నాడు తమ్ముడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా వదినైతే..."

"నోర్ముయ్‌రా" అన్నాడు కెప్టెన్. ఆ సగం మాట మాత్రం లారీలో ఊరు చేరేదాకా ఆమె పక్కనే కూర్చుంది.

సందు మొదట్లో కెప్టెన్ ఆమె సైకిలు దించి ఇచ్చాడు. "మీరు చేసింది సరైనదేనండీ" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. ఆమె మూడో అంతస్తుకి ఎక్కి, తాళం తీసి, రెండు రోజుల నాటి గాలి పోయేలా కిటికీలు తెరిచింది.

మాస్టారికి ఆపరేషన్ చేసి చిన్న మరమేకు బిగించారు. తాడు పట్టుకుని ఉంటే ఆ చెయ్యి సుద్దముక్క కూడా పట్టేది కాదని డాక్టరు అన్నాడట. ఆ మాట ఆమెకి వార్డు నర్సు చెప్పింది. జెర్సీ కోసం కెప్టెన్ భార్య కర్ర ఊతంతో వచ్చింది. "మావాళ్ళకి మీమీద కోపమేం లేదండీ. ఎప్పుడైనా ఇంటికి రండి" అంది. ఎప్పుడన్నది ఆవిడ చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆదివారాలు మళ్ళీ ఈతకొలనుకే వెళ్ళాయి.

మరుసటేడు పోటీ నిర్వాహకులకి సాయం చేసేవాళ్ళు కావాలని ప్రకటన పడింది. ఆమె పేరిచ్చింది. కొండ మీద ఒక మజిలీ అప్పగించారు. గొడుగు, మడత కుర్చీ, జట్ల కార్డుల మీద వేసే ముద్ర. ఒక్కతే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఒక్కో జట్టు అర నిమిషం ఆగి వెళ్ళిపోయేది. కెప్టెన్ జట్టు పదకొండింటికి వచ్చింది, ఈసారి అసలు వదినతోనే. "అరె, అక్కా!" అన్నాడు తమ్ముడు. ఆమె జవాబిచ్చేలోపే వాలు దిగిపోయారు. ఆ ఏడు వాళ్ళు చివరిదాకా చేరారు, ఎనిమిదో స్థానంలో.

నాలుగు దాటాక ఒక జట్టు కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. గడువు దాటిపోయిందని ఆమే చెప్పాల్సి వచ్చింది. ముగ్గురు మగవాళ్ళు తిట్టుకుంటూ నీడకి పోయారు. వాళ్ళతో వచ్చిన అమ్మాయి అక్కడే నేల మీద కూర్చుని మోకాళ్ళలో తల దాచుకుంది.

"నా వల్లేనండీ. నేనే నెమ్మది" అంది.

వాళ్ళని కిందికి దించే జీపు రావడానికి గంట పడుతుంది. ఆమె కుర్చీ వదిలి కింద కూర్చుంది. తన రొట్టెలో సగం తుంచి ఇచ్చింది.

"మీరెప్పుడైనా పాల్గొన్నారా?"

"ఒక్కసారి."

"చివరిదాకా వెళ్ళారా?"

"లేదమ్మా."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఏమైందన్నట్టు చూసింది. ఏడాదిగా ఆ సంగతి ఆమెని ఎవరూ అడగలేదు. నెమ్మదిగా, చీలమండ వాచిన ఆవిడ దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. కింద మలుపులో జీపు చప్పుడు వినబడేసరికి ఆమె ఇంకా సరస్సు మధ్యలోనే, ఎదురుగాలిలో తెడ్డు వేస్తూ ఉంది.