హుఫూఫ్ రైల్లో ఒపెరా మాస్టారు

ఇంట్లో ఒక్కో మనిషికి సర్కారుకు కట్టాల్సిన లెవీలు పెరిగి, విదేశీ కుటుంబాలు ఒక్కొక్కటే సౌదీ వదిలిపోతున్న కాలమది. హుఫూఫ్ నుంచి రియాద్ వెళ్ళే రైల్లో నా పక్కన ఒక ముసలి జర్మన్ కూర్చున్నాడు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో పలకరించాను.

"ఏం పని చేస్తరు సార్?"

"ఒపెరాలు రాసేవాణ్ణి. మొదటినుంచి చివరిదాకా పాటలతోనే నడిచే నాటకాలు. వాద్యాలవాళ్ళ ముందు నిలబడి నడిపించేవాణ్ణి కూడా."

వాళ్ళ ఊళ్ళో ఒపెరా థియేటర్ మూతపడ్డాక, ఇక్కడి కంపెనీ కాంపౌండ్‌లో పిల్లలకు సంగీతం నేర్పడానికి వచ్చాడట. అక్కడ ఒక మలయాళీ పిల్లవాడి గొంతు విని, వాడి కోసమే తన చివరి ఒపెరా రాశాడు. అది పూర్తయ్యేసరికి లెవీ భరించలేక ఆ కుటుంబం వీసా రద్దు చేయించుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయింది.

ఆయన కుడిచెయ్యెత్తి, ఎదుటి ఖాళీ సీటు వైపు వేలు చూపి కాసేపు ఆగాడు.

"ఇక్కడ వాడు అందుకోవాలి," అన్నాడు.

"మల్ల పిలిపిస్తే రాడా సార్?"

"వచ్చినా లాభం లేదు. ఈపాటికి వయసొచ్చి గొంతు మారిపోయి ఉంటుంది."

చెయ్యి దించేశాడు.

రియాద్ స్టేషన్లో దిగి జగిత్యాలలో ఇంటికి ఫోన్ చేశాను. ఎప్పుడూ నా భార్యే ఎత్తేది, కొడుకు బడికో ఆటకో పోయి ఉండేవాడు. ఆ రోజు ఎవరో మగమనిషి పలికాడు.

"ఎవలు?" అన్నాను గట్టిగా.

"నేనే బాపూ."